తిరగబెట్టే జబ్బుకు వేటు మందా?

2025 ఏప్రిల్ మొదట్లో, ఐపీఎల్ అప్పుడప్పుడే వేడెక్కుతుండగా, గుజరాత్ టైటాన్స్ ఫాస్ట్ బౌలర్ కగిసో రబాడ రెండే మ్యాచ్‌లు ఆడి దక్షిణాఫ్రికా వెళ్లిపోయాడు. వ్యక్తిగత కారణాలన్నారు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమో అనుకుని అభిమానులు ఊరుకున్నారు. నెల గడిచాక అతనే ఒక ప్రకటనలో అసలు సంగతి బయటపెట్టాడు. జనవరిలో తన దేశపు టీ20 లీగ్ ఆడుతున్నప్పుడు ఇచ్చిన శాంపిల్‌లో మత్తుమందు ఆనవాళ్లు దొరికాయి. ఆట మెరుగుపడటానికి వేసుకునే రకం కాదది, సరదా కోసం తీసుకునే రకం. నిబంధన ప్రకారం పడాల్సిన శిక్ష 3 నెలలు. చికిత్స కార్యక్రమంలో చేరి పూర్తిచేసినందుకు అది నెలకు తగ్గింది. మేలో మళ్లీ అర్హత వచ్చింది. జూన్‌లో లార్డ్స్‌లో ఆస్ట్రేలియా మీద టెస్ట్ చాంపియన్‌షిప్ ఫైనల్ ఆడి 9 వికెట్లు తీశాడు. గద దక్షిణాఫ్రికా చేతికి వచ్చింది.

ఆ నెల రోజుల శిక్ష మీద మన దగ్గర టీకొట్ల ముందు కూడా వాదనలు నడిచాయి. "కొకైన్‌లాంటివి వాడితే నెలతో సరిపెడతారా?" అని కొందరు. "ఆటలో మోసం చేయనివాణ్ణి అసలు ఆపడమెందుకు?" అని కొందరు. రెండూ సబబైన ప్రశ్నలే. ఈ రెండింటి మధ్య నలుగుతూ వృత్తి క్రీడల లీగులు నలభై ఏళ్లకు పైగా నడుస్తున్నాయి. ఆ నడకలో చాలా తప్పటడుగులున్నాయి, కొన్ని చావులున్నాయి.

మన భాషలో ‘మందు’ అన్న మాటకు బోలెడు పని. డాక్టరు చీటీ మీద రాసేదీ మందే, బారులో గ్లాసులో పోసేదీ మందే, మిరపతోటకు కొట్టేదీ మందే. క్రీడాలోకంలోనూ ఇదే తికమక. కండ పెంచే స్టెరాయిడ్‌నీ, పార్టీలో పీల్చిన కొకైన్‌నీ, మోకాలి ఆపరేషన్ తర్వాత అలవాటైన నొప్పి మాత్రనీ వార్తాపత్రికలు ఒకే గాటన కట్టేస్తాయి. మొదటిది దొంగాట. అవతలివాడి కష్టాన్ని కొల్లగొట్టడం. దానికి వేటు వేయడంలో పేచీ ఏమీ లేదు. మిగతా రెండింటిలో ముందుగా నష్టపోయేది వాడినవాడే. అతనికి లీగు యజమానా, న్యాయమూర్తా, వైద్యుడా? లీగు ఈ మూడు వేషాలూ తానే వేయాల్సి వస్తుంది. చిక్కంతా అక్కడే.

ఈ చిక్కుకు పద్ధతిగా ఒక జవాబు రాసుకున్న తొలి పెద్ద లీగు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ. 1980లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక ఒక కథనం వేసింది. ఆటలో తిరిగేవాళ్ల అంచనాల ప్రకారం ఆటగాళ్లలో 40 నుంచి 75 శాతం మంది కొకైన్ వాడుతున్నారని దాని సారాంశం. ఎవరూ లెక్కపెట్టింది కాదు, నోటి లెక్క. అయినా లీగు పరువు బజారున పడింది. 1983లో లీగు, ఆటగాళ్ల సంఘం కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఆటగాడు తనంతట తాను వచ్చి "నాకీ అలవాటుంది" అని చెబితే మొదటిసారి చికిత్స చేయిస్తారు, జీతం ఆపరు. రెండోసారి వస్తే చికిత్స ఉంటుంది, జీతం ఉండదు. మూడోసారి బహిష్కరణ. చెప్పకుండా దొరికిపోయినవాడికి మాత్రం మొదటిసారే బహిష్కరణ. అయితే ఆ బహిష్కరణ శాశ్వతం కాదు. రెండేళ్ల తర్వాత మళ్లీ తీసుకోమని దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఒక కార్మిక సంఘం తన సభ్యుల్ని పనిలోంచి తీసేసే షరతుకు తానే సంతకం పెట్టడం మామూలు విషయం కాదు. సంఘం నాయకుడు లారీ ఫ్లైషర్ దానికి ఒప్పుకోవడానికి కారణం ఆ మొదటి మెట్టు. సభ్యుడికి జీతంతో కూడిన చికిత్స హక్కుగా దక్కింది. యాజమాన్యం దయగా ఇస్తే రేపు తీసేసుకోవచ్చు. ఒప్పందంలో రాస్తే తీసేయడం కుదరదు. ఈ తేడా ముందు ముందు మనకు మళ్లీ పనికొస్తుంది.

కాగితం మీద అందంగా ఉన్న ఆ మెట్లు మనుషుల మీద ఎలా పనిచేశాయో 1986 చూపించింది. న్యూజెర్సీ నెట్స్ గార్డ్ మైకేల్ రే రిచర్డ్‌సన్ నాలుగుసార్లు ఆల్‌స్టార్ జట్టుకు ఎంపికైనవాడు. చికిత్సకు వెళ్లాడు, తిరిగొచ్చాడు, మళ్లీ జారాడు. ఫిబ్రవరిలో మూడోమెట్టు దాటాడని బహిష్కరించారు. రెండేళ్ల తర్వాత తలుపు తెరిచారు గానీ అతను ఎన్‌బీఏ ముఖం చూడలేదు. యూరప్ వెళ్లి నలభై దాటేదాకా ఆడాడు. మార్చిలో హ్యూస్టన్ రాకెట్స్ తన గార్డ్ జాన్ లూకస్‌ను కొకైన్ పరీక్షలో దొరికాడని జట్టులోంచి తీసేసింది. లూకస్ కోలుకుని, ఆ హ్యూస్టన్‌లోనే వ్యసనపరులైన క్రీడాకారుల కోసం చికిత్స కార్యక్రమం పెట్టాడు. 1992లో శాన్ ఆంటోనియో స్పర్స్‌కు హెడ్ కోచ్ అయ్యాడు.

అదే ఏడాది జూన్ 17న, జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో బోస్టన్ సెల్టిక్స్ రెండో ఎంపికగా లెన్ బయాస్‌ను తీసుకుంది. మేరీలాండ్ విశ్వవిద్యాలయపు కుర్రాడు, 22 ఏళ్లు. ఎంపికకు ముందు జట్లు చేసిన వైద్య పరీక్షల్లో అతని మీద మచ్చ లేదు. 19వ తేదీ పొద్దున హాస్టల్ గదిలో కొకైన్ తీసుకుని కుప్పకూలాడు. గుండె లయ తప్పి చనిపోయాడు. ఎనిమిది రోజులకు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డాన్ రోజర్స్ అదే కొకైన్‌తో పోయాడు. మర్నాడు అతని పెళ్లి.

బయాస్ చావు చూసి అమెరికా ప్రభుత్వం హడావిడిగా ఒక చట్టం చేసింది. కొకైన్ పొడి 500 గ్రాములు అమ్మినవాడికి ఎంత కనీస శిక్షో, దాని గడ్డ రూపమైన క్రాక్ 5 గ్రాములకూ అంతే. బయాస్ తీసుకున్నది పొడి. చట్టం బిగిసింది నల్లవాళ్ల పేటల్లో చౌకగా దొరికే క్రాక్ మీద. ఆ నూటికొకటి నిష్పత్తిని 2010లో గానీ సడలించలేదు. ఒక క్రీడాకారుడి మరణాన్ని ఇంత తప్పుగా చదివిన సందర్భం నాకు మరొకటి తెలియదు.

చట్టం చేసినవాళ్లు అడగని ప్రశ్న మనం అడుగుదాం. ఆ రాత్రి అతని ఒంట్లో ఏం జరిగింది?

గుండె కండరం క్రమంగా కొట్టుకోవాలంటే కణాల గోడల్లోని సన్నటి దారుల గుండా సోడియం అయాన్లు సమయానికి లోపలికి దూకాలి. కొకైన్ ఆ దారుల్ని మూస్తుంది. నొప్పి వార్తను మోసే నరాల్లోనూ ఇదే దారులున్నాయి. అందుకే 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కంటి ఆపరేషన్‌కు కొకైన్ చుక్కలు వాడగలిగాడు. కంటిని మొద్దుబార్చిన గుణమే గుండెలో ప్రాణాంతకం. దానికితోడు గుండెకు రక్తం తెచ్చే ధమనులు కుంచించుకుపోతాయి, గుండె వేగం మాత్రం పెరుగుతుంది. తిండి తగ్గించి బరువు పెంచినట్టు. ఎంత ఉక్కులాంటి ఆటగాడైనా ఈ లెక్క మారదు.

ఇక మెదడు. డోపమిన్‌ను ‘ఆనంద రసాయనం’ అని రాస్తుంటారు గానీ అది సగం నిజం. "ఇది బాగుంది, గుర్తుపెట్టుకో, మళ్లీ చెయ్యి" అని మెదడు తనకు తాను వేసుకునే ముడి అది. ఒక నాడీకణం డోపమిన్‌ను వదులుతుంది, పక్కది అందుకుంటుంది, పనయ్యాక వదిలిన కణమే దాన్ని పంపు పెట్టి వెనక్కి తోడుకుంటుంది. కొకైన్ ఆ పంపు మూతికి గుడ్డ కుక్కుతుంది. డోపమిన్ తోడేవాడు లేక కణాల మధ్య మడుగు కడుతుంది. పదేపదే ఇలా జరిగితే అందుకునే కణం తన తలుపులు కొన్ని మూసేసుకుంటుంది. అప్పుడు గెలిచిన మ్యాచ్, పిల్లల నవ్వు, అమ్మ చేతి వంట అన్నీ వెలవెలబోతాయి.

అంతకన్నా మొండిది జ్ఞాపకం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అన్నా రోజ్ చిల్డ్రెస్ బృందం 2008లో ఒక ప్రయోగం ప్రకటించింది. కొకైన్‌కు అలవాటుపడినవాళ్లకు ఆ మత్తుకు సంబంధించిన బొమ్మల్ని 33 మిల్లీసెకన్లు మాత్రమే చూపించారు. బొమ్మ చూశామన్న స్పృహ కూడా వాళ్లకు కలగలేదు. మెదడు లోతుల్లోని కోరిక కేంద్రాలు మాత్రం చురుగ్గా స్పందించాయి. మనిషికి తెలిసేలోపే మెదడు బయల్దేరిపోయిందన్నమాట. "మనసు గట్టిగా ఉంచుకోవాలయ్యా" అని పెద్దలు చెప్పే మాట ఆ 33 మిల్లీసెకన్ల తర్వాత మొదలవుతుంది. ఏటా సగం రోజులు హోటల్ గదుల్లో గడిపే ఆటగాడికి, జేబులో కోట్లు, చుట్టూ పొగిడేవాళ్లు ఉన్న ఇరవై రెండేళ్లవాడికి, అలాంటి గుర్తులు అడుగడుగునా తగులుతాయి.

అందుకే ఈ జబ్బు తిరగబెడుతుంది. మలేరియాకు వాడే మాటనే కావాలని వాడుతున్నాను. అమెరికాలోని మాదకద్రవ్య పరిశోధన జాతీయ సంస్థ లెక్క ప్రకారం చికిత్స పొందినవాళ్లలో 40 నుంచి 60 శాతం మందికి తిరగబెడుతుంది. బీపీ, ఉబ్బసం రోగులు మందులు, పథ్యం వదిలేసి మళ్లీ ఆసుపత్రికి వచ్చే నిష్పత్తి కూడా ఇంచుమించు ఇంతే, కాస్త ఎక్కువే. బీపీ పెరిగిందని మూడోసారి వచ్చిన రోగిని ఏ డాక్టరూ బహిష్కరించడు. సగం మందికి తిరగబెట్టే జబ్బుకు మూడే మెట్లు కట్టిన ఒప్పందం వైద్యశాస్త్రం చూసి కట్టింది కాదు. మూడో తప్పుతో సహనం నశించే మన లోకరీతిని చూసి కట్టింది.

అలాగని శిక్షే వద్దనలేం. శిక్ష ఎప్పుడు పనిచేస్తుందన్నదే అసలు విషయం. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ హిగ్గిన్స్ 1990లలో కొకైన్ రోగులతో ఒక చిన్న ఏర్పాటు చేశాడు. మూత్ర పరీక్షలో కొకైన్ లేదని తేలితే వెంటనే రెండున్నర డాలర్ల విలువైన కూపన్. వరసగా శుభ్రంగా ఉంటే దాని విలువ పెరుగుతూ పోతుంది. ఒక్కసారి తప్పితే మళ్లీ మొదటికి. కూపన్లున్న బృందంలో 75 శాతం మంది 24 వారాల చికిత్స చివరిదాకా నిలిచారు. లేని బృందంలో 40 శాతం. లక్షల డాలర్ల కాంట్రాక్టు పోతుందన్న భయం చేయలేని పని రెండున్నర డాలర్లు ఎలా చేశాయి? కాంట్రాక్టు పోయేది ఎప్పుడో, పోతుందో పోదో. కూపన్ వచ్చేది ఇవాళే, తప్పకుండా. వ్యసనం పట్టిన మెదడు రేపటి ఏనుగు కన్నా ఇవాళ్టి ఎలుకను లెక్కచేస్తుంది.

ఈ సంగతి బేస్‌బాల్ పెద్దలకు ఒక కేసులో ఎదురుగా వచ్చి నిలబడింది. పిచర్ స్టీవ్ హోవ్ 1980లో నేషనల్ లీగ్‌లో ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు. ఏడుసార్లు వేటు పడింది. 1992లో కమిషనర్ ఫే విన్సెంట్ జీవితకాల నిషేధం వేశాడు. మధ్యవర్తి జార్జ్ నికొలావ్ దాన్ని కొట్టేశాడు. హోవ్‌కు ఏడాది పొడవునా తరచుగా పరీక్షలు జరపాలని వైద్యుడు చెప్పగా లీగు ఆ పని సరిగా చేయలేదన్నది ఆయన చూపిన కారణాల్లో ఒకటి. వెంటనే జరగాల్సిన చిన్నపని మానేసి, చివర్లో పెద్దకర్ర ఎత్తారు. హోవ్ మరో నాలుగేళ్లు ఆడాడు. 2006లో రోడ్డు ప్రమాదంలో పోయినప్పుడు అతని రక్తంలో మెథాంఫెటమిన్ ఉంది. ఎవరి పద్ధతీ గెలవని కథ అది.

ఒప్పుకున్నవాడికి ఏం జరుగుతుందన్నది మరో పరీక్ష. ఎడ్మంటన్ ఆయిలర్స్ ఐస్ హాకీ గోల్‌కీపర్ గ్రాంట్ ఫ్యూర్ 1989లో తనంతట తాను చికిత్స చేయించుకుని కొకైన్ మానేశాడు. మరుసటి ఏడాది ఆ సంగతి పత్రికకెక్కింది. ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌కు అప్పట్లో పరీక్షలూ లేవు, చికిత్స పథకమూ లేదు. ఒక్క నిషేధం మాత్రం ఉంది. మానేసి ఏడాదైనవాణ్ణి పట్టుకుని ఏడాది వేటు వేశారు. తర్వాత తగ్గించగా 59 మ్యాచ్‌లు పోగొట్టుకున్నాడు. మిగతా ఆటగాళ్లు దీన్నుంచి నేర్చుకున్న పాఠం నోరు మూసుకోవడమే. 1996లో ఆ లీగూ ఆటగాళ్ల సంఘంతో కలిసి కొత్త పథకం తెచ్చింది. స్వయంగా వచ్చినవాడికి మొదటిసారి శిక్ష లేదు, జీతం ఆగదు, పేరు బయటికి పొక్కదు.

పేరు పొక్కకపోవడం ఎంత ముఖ్యమో ఇంగ్లండ్ క్రికెట్ చూపించింది. 2012లో సర్రే కౌంటీ యువ బ్యాటర్ టామ్ మేనార్డ్ రైలుపట్టాల మీద చనిపోయాడు. 23 ఏళ్లు. ఒంట్లో మద్యంతోపాటు కొకైన్, ఎక్‌స్టసీ ఉన్నాయని తేలింది. మరుసటి ఏడు ఇంగ్లండ్ బోర్డు వెంట్రుకల పరీక్ష మొదలుపెట్టింది. దొరికితే మొదటిసారి గుట్టుగా సహాయం. రెండోసారి 21 రోజుల వేటు, జీతంలో 5 శాతం కోత. మూడోసారి ఏడాది. 2019లో బ్యాటర్ అలెక్స్ హేల్స్ రెండోమెట్టు శిక్ష అనుభవిస్తుండగా విషయం పత్రికకు చేరింది. ప్రపంచకప్‌కు కొద్దివారాల ముందు జట్టులోంచి తీసేశారు. నిబంధన ప్రకారం అతని శిక్ష 21 రోజులు. వార్త బయటికి రావడంవల్ల పడిన శిక్ష మూడేళ్లకు పైగా. 2022 నవంబర్‌లో అడిలైడ్ సెమీఫైనల్‌లో మన బౌలర్లను ఉతికి ఆరేసి 86 నాటౌట్‌గా నిలిచిన హేల్స్ ఇతనే.

వెంట్రుకలెందుకు? పరీక్షల వెనకున్న రసాయనశాస్త్రం ఇక్కడ కొంచెం తెలుసుకోవాలి. కొకైన్ రక్తంలో గంటకో మారు సగమవుతూ పోతుంది. దాని శేషం మూత్రంలో రెండు నుంచి నాలుగు రోజులు కనిపిస్తుంది. గంజాయిలోని మత్తు పదార్థం కొవ్వులో కరిగి దాక్కుంటుంది. రోజూ తాగేవాడి మూత్రంలో నెల దాటినా బయటపడుతుంది. అంటే మూత్ర పరీక్ష ఒక్కటే పెడితే గంజాయి తాగినవాడు దొరుకుతాడు, అంతకన్నా ప్రమాదకరమైన కొకైన్ వాడినవాడు ఆదివారం వాడి గురువారానికి తప్పించుకుంటాడు. తెలివైన ఆటగాడు ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పాలా? వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. మూడు సెంటీమీటర్ల వెంట్రుక మూడు నెలల దినచర్య. గుండు కొట్టించుకుంటే ఎలా అంటారా? ఒంటి మీద వేరేచోట్ల వెంట్రుకలు తీస్తారు.

ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ లీగ్‌లో ఇదే రసాయనశాస్త్రం ఒక రచ్చకు దారితీసింది. ప్రపంచ డోపింగ్ నిరోధక నియమాల్లో కొకైన్ నేరమయ్యేది మ్యాచ్ నాడే. మధ్య రోజుల్లో దొరికితే అది లీగు సొంత వ్యవహారం. 2024 మార్చిలో ఆండ్రూ విల్కీ అనే ఎంపీ పార్లమెంటులో లేచి, క్లబ్బు డాక్టర్లు ఆటగాళ్లకు రహస్యంగా పరీక్షలు చేసి, ఇంకా మందు దిగనివాళ్లను గాయం వంకతో మ్యాచ్ నుంచి తప్పిస్తున్నారని ఆరోపించాడు. డాక్టర్లు అలాంటి పరీక్షలు చేయిస్తారని లీగు ఒప్పుకుంది, అది వైద్యంలో భాగమేనని సమర్థించుకుంది. రోగి రహస్యం కాపాడిన డాక్టరును నేను తప్పుపట్టను. లేని గాయాన్ని టికెట్ కొన్నవాళ్లకు చెప్పడం మాత్రం డాక్టరు పని కాదు.

అన్నీ సరిగ్గా కుదిరితే ఏమవుతుందో జోష్ హామిల్టన్‌లో కొంతకాలం కనిపించింది. 1999 బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక, చేతిలో దాదాపు 40 లక్షల డాలర్ల బోనస్. 2001లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని ఆట ఆగింది. ఖాళీరోజుల్లో కొకైన్ దగ్గరికి చేరాడు. మూడు సీజన్లు నిషేధంలోనే పోయాయి. 2005లో అమ్మమ్మ ఇంట్లో, ఆమె మందలింపుతో మానేశాడు. 2007లో సిన్సినాటికి ఆడటం మొదలుపెట్టినప్పుడు ఏర్పాట్లు చూడండి. వారానికి మూడు పరీక్షలు. చేతిలో డబ్బు పెట్టుకోడు. ప్రయాణాల్లో భోజనం బత్తాతో సహా కోచ్ జానీ న్యారన్ దగ్గర ఉంటుంది. హిగ్గిన్స్ కూపన్ల సూత్రమే వేరే వేషంలో. 2010లో అమెరికన్ లీగ్ మేటి ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఆ ఏడాది, అప్పటికి అతను ఆడుతున్న టెక్సాస్ రేంజర్స్ ప్లేఆఫ్ సిరీస్ గెలిచినప్పుడు సహచరులు షాంపేన్ పక్కన పెట్టి అల్లం సోడా సీసాలు పొంగించి అతన్ని తడిపారు.

తర్వాత తిరగబెట్టింది. 2015లో లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ జట్టులో ఉండగా జారాడు, జారానని తానే వెళ్లి లీగుకు చెప్పాడు. శిక్ష వేయాలని లీగు అడిగింది. అతను చికిత్స పథకాన్ని ఉల్లంఘించలేదు కాబట్టి వేయకూడదని మధ్యవర్తి తీర్పిచ్చాడు. జట్టు యాజమాన్యం బహిరంగంగానే మండిపడి, నెల తిరక్కుండా అతన్ని పాతజట్టుకు పంపేసింది. తీర్పు సరైనదే. చెప్పినవాణ్ణి కొడితే రెండోవాడు చెప్పడు.

క్రీడాకారుల కన్నా ఈ జబ్బు నుంచి బాగా కోలుకునే వర్గం ఒకటుంది. డాక్టర్లు. అమెరికాలో 16 రాష్ట్రాల కార్యక్రమాల్లో చేరిన 904 మంది డాక్టర్లను ఐదేళ్లపాటు గమనించిన అధ్యయనం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 78 శాతం మందికి ఆ ఐదేళ్లలో ఒక్క పరీక్షలోనూ దోషం తేలలేదు. వాళ్ల మెదళ్లు వేరే మట్టితో చేసినవి కావు. నెలల తరబడి చికిత్స, ఐదేళ్ల నిఘా, ఎప్పుడు పిలుస్తారో తెలియని పరీక్షలు, అన్నింటికీ మించి నిలబడితే లైసెన్సు నిలుస్తుందన్న భరోసా. క్రీడాకారుడికి ఇవన్నీ ఇవ్వొచ్చు, ఒక్కటి తప్ప. ఐదేళ్లు. చాలామంది ఆట జీవితమే అంత ఉండదు. కాంట్రాక్టు ముగిసిన రోజే నిఘా ముగుస్తుంది, లీగు బాధ్యతా తగ్గిపోతుంది. నా దృష్టిలో ఈ పథకాలన్నిటికీ ఉన్న అతిపెద్ద చిల్లు ఇదే.

ఇంతవరకూ ఆటగాడు బయటినుంచి తెచ్చుకున్న మత్తు గురించి మాట్లాడాం. జట్టు డాక్టరే చేతిలో పెట్టినదాని మాటేమిటి?

డెరెక్ బూగార్డ్ ఐస్ హాకీలో ‘ఎన్‌ఫోర్సర్’. అవతలి జట్టు కండబలానికి పిడికిళ్లతో జవాబు చెప్పడమే అతని ఉద్యోగం. ఆరున్నర అడుగుల మనిషి. విరిగిన ముక్కు, కమిలిన వేళ్లు, వెన్నునొప్పి. న్యూయార్క్ టైమ్స్ విలేకరి జాన్ బ్రాంచ్ తవ్వి తీసిన లెక్క ప్రకారం 2008 అక్టోబర్ నుంచి 2009 ఏప్రిల్ దాకా అతనికి పదిమంది డాక్టర్లు 25 చీటీల మీద 622 ఓపియాయిడ్ నొప్పి మాత్రలు రాశారు. అందులో ఎనిమిది మంది మిన్నెసోటా వైల్డ్ జట్టు డాక్టర్లే. ఆ 2009లోనే లీగు అతన్ని వ్యసన చికిత్సకు పంపింది. ఒకచేత్తో మాత్ర, ఇంకోచేత్తో మందలింపు.

2011 మే నెలలో అతను కాలిఫోర్నియా చికిత్సాకేంద్రం నుంచి వారాంతపు సెలవు మీద మిన్నియాపోలిస్ వచ్చాడు. ఆ రాత్రి మద్యం, ఆక్సికోడోన్ కలిసి ప్రాణం తీశాయి. 28 ఏళ్లు. ఓపియాయిడ్లు మెదడు కాండంలో ఊపిరిని నడిపే కణాల్ని నెమ్మదింపజేస్తాయి. రోజూ మింగేవాడి ఒళ్లు దానికి అలవాటుపడి పెద్ద మోతాదునైనా తట్టుకుంటుంది. కొన్నివారాలు మానేస్తే ఆ తట్టుకునే శక్తి కరిగిపోతుంది, పాతమోతాదు మీది కోరిక మాత్రం అలాగే ఉంటుంది. అందుకే చికిత్సాకేంద్రం గడప దాటిన తొలిరోజులు మిగతా అన్నిరోజుల కన్నా ప్రమాదం. వ్యసన వైద్యంలో అక్షరాభ్యాసం లాంటి ఈ విషయం తెలిసీ ఆ రోజుల్లో రోగిని ఒంటరిగా వదిలేస్తే, పథకం ఎంత బాగా రాసుకున్నా ఒకటే.

2019 జులై 1న ఏంజెల్స్ పిచర్ టైలర్ స్కాగ్స్ టెక్సాస్ హోటల్ గదిలో చనిపోయి కనిపించాడు. ఆక్సికోడోన్, ఫెంటానిల్, మద్యం. ఫెంటానిల్ మార్ఫిన్ కన్నా సుమారు వందరెట్లు బలమైనది. ఆ మాత్రలిచ్చినవాడు జట్టులో పత్రికా సంబంధాలు చూసే ఉద్యోగి. 2022లో కోర్టు అతనికి 22 ఏళ్ల జైలు వేసింది. విచారణలో పలువురు ఆటగాళ్లు తామూ అతని దగ్గరే మాత్రలు తీసుకున్నామని సాక్ష్యమిచ్చారు. స్కాగ్స్‌కు తానూ మాత్రలిచ్చానని చెప్పిన ఒక పిచర్ మీద లీగు 60 మ్యాచ్‌ల వేటు వేసింది.

స్కాగ్స్ పోయిన అయిదున్నర నెలలకు బేస్‌బాల్ లీగు, సంఘం నియమాలు తిరగరాశాయి. ఓపియాయిడ్లకు, కొకైన్‌కు పరీక్షలు మొదలయ్యాయి. దొరికినవాణ్ణి ముందు చికిత్సామండలికి పంపుతారు. సహకరించకపోతేనే శిక్ష. గంజాయిని ఆ జాబితాలోంచి తీసేశారు. ఎన్‌బీఏ 2023 ఒప్పందంలో దాన్ని తీసేసింది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగు 2020 నుంచి గంజాయికి మ్యాచ్‌ల నిషేధం ఎత్తేసి జరిమానాలతో సరిపెడుతోంది. అనేక రాష్ట్రాల్లో దుకాణాల్లోనే దొరుకుతున్నప్పుడు ఇంకేం చేస్తారు?

రబాడకు దక్కిన నెల రోజుల వెసులుబాటు లీగు ఇచ్చింది కాదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2021 నుంచి కొకైన్, హెరాయిన్, ఎక్‌స్టసీ, గంజాయిలకు ప్రత్యేకంగా పెట్టిన నియమం అది. ఆటతో సంబంధం లేకుండా, పోటీ బయట వాడానని చూపితే 3 నెలలు, చికిత్స పూర్తిచేస్తే నెల. 2019లో మన బోర్డు జాతీయ సంస్థ నాడా పరీక్షలకు ఒప్పుకుంది కాబట్టి మన క్రికెటర్లకూ అదే వర్తిస్తుంది. కానీ అమెరికాలో చికిత్స, జీతం, గోప్యత అన్నీ కార్మిక ఒప్పందాల్లోంచి పుట్టాయని చూశాం. మన దగ్గర 2019లో ఏర్పడిన భారత క్రికెటర్ల సంఘం రిటైరైనవాళ్ల కోసం. ఇప్పుడు ఆడుతున్నవాళ్ల తరఫున బోర్డుతో బల్లకు అటువైపు కూర్చునే సంఘం లేదు. కాబట్టి రేపు ఇరవై ఏళ్ల ఐపీఎల్ కుర్రాడు "నాకీ అలవాటుంది" అని చెప్పాలనుకుంటే, చెప్పాక జీతం ఉంటుందో ఊడుతుందో హామీ ఇచ్చే ఒప్పందం అతని చేతిలో లేదు.

చివరగా ఒక చిన్న పెట్టె గురించి. నలాక్సోన్ అనే మందు ఓపియాయిడ్ అణువుల్ని మెదడు కణాల మీది పీటల నుంచి నెట్టేసి తాను కూర్చుంటుంది. ఆగిన ఊపిరి నిమిషాల్లో తిరిగొస్తుంది. ముక్కులో కొట్టే స్ప్రేగా దొరుకుతుంది, ఎవరైనా కొట్టొచ్చు. 2024 నుంచి మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని 30 జట్లూ తమ మైదానాల్లో దాన్ని అందుబాటులో ఉంచాలన్నది నియమం.